మునగాకులో ఎంతుంది? ఒక నీలి రంగు చరిత్ర

ఈ ఎపిసోడ్‌ని ఒక సారీతో మొదలుపెట్టాలి.

కొన్నాళ్ళ కిందట మునగాకు పొడి మీద నేనొక చిన్న వీడియో చేశాను. చాలామంది చూశారు, మా అమ్మ కూడా చూసింది. రెండు ప్యాకెట్లు టేబుల్ మీద పెట్టి, వెనకాల అచ్చేసిన "టోటల్ ఫినాల్స్" అంకెలు చదివి, ఒకదాంట్లో రెండోదానికంటే దాదాపు రెట్టింపు ఉంది కాబట్టి అదే కొనుక్కోండి అని చెప్పేశాను. నిమిషంన్నర వీడియో. రెండు అంకెలు, ఏది పెద్దది, అంతే. బీటెక్ బుర్ర కదా, అంతకు మించి ఆలోచించలేదు.

తర్వాతి వారం ఒక ఫార్మసీ లెక్చరర్ గారు మెయిల్ పెట్టారు. తిట్టలేదు, మూడు ప్రశ్నలు అడిగారంతే. ఆ ఆకుని దేంట్లో నానబెట్టి సారం తీశారు? రెండు కంపెనీలూ దేంతో పోల్చి లెక్కగట్టాయి? మూడోది, ఆ నీలం దేనివల్ల వచ్చిందో మీకు తెలుసా? మొదటి రెండూ ఏదో అర్థమయ్యాయి. మూడోదే అర్థం కాలేదు. ఏ నీలం? మునగాకు పచ్చగా కదా ఉంటుంది!

ఆ ప్రశ్న వెంట పడి నేను బోస్టన్ దాకా వెళ్ళాను (గూగుల్‌లోనే లెండి), అక్కడ చూస్తే మన భీమవరం ఆయన ఒకరు కూర్చుని ఉన్నారు. అందుకే ఇది హిస్టరీ ఎపిసోడ్ అయింది.

ముందు ఆ నీలం ఏంటో చూద్దాం. మా పిన్ని కూతురు బీఫార్మసీ ఫైనల్ ఇయర్. దాని ప్రాజెక్ట్ కూడా మునగాకు మీదే, ఎంత బాగుందో చూడండి. "అన్నయ్యా, ఒకసారి ల్యాబ్‌కి రా, చూపిస్తా" అంది. వెళ్ళాను. ఎండబెట్టిన ఆకు పొడిని మిథనాల్, నీళ్ళు కలిపిన దాంట్లో నానబెట్టి వడగట్టింది. ఆ సారం కొంచెం టెస్ట్‌ట్యూబ్‌లో తీసుకుని, ఒక పసుపు రంగు ద్రావణం కలిపింది. కాసేపాగి సోడియం కార్బొనేట్ నీళ్ళు పోసింది. చీకట్లో పెట్టి, మమ్మల్ని టీకి తీసుకెళ్ళింది. తిరిగొచ్చేసరికి ట్యూబ్‌లో చిక్కటి నీలం. మన బట్టల నీలిమందు లాంటి నీలం.

పని చేసే తీరు ఇదీ. ఆ పసుపు ద్రావణంలో మాలిబ్డినం, టంగ్‌స్టన్ అనే రెండు లోహాలు ఉంటాయి. ఆకులోని ఫినాల్ జాతి పదార్థాలు, అంటే వగరుకీ, యాంటీ ఆక్సిడెంట్ అని మనం వినే గుణానికీ కారణమైనవి, ఈ లోహాలకి ఎలక్ట్రాన్లు ఇచ్చేస్తాయి. ఎలక్ట్రాన్ అందుకున్న లోహం నీలంగా మారుతుంది. ఎంత ఎక్కువ ఇస్తే అంత చిక్కటి నీలం. ఆ చిక్కదనాన్ని మెషీన్‌లో 765 నానోమీటర్ల దగ్గర చదువుతారు. తర్వాత గాలిక్ ఆమ్లం అనే ఒక తెలిసిన పదార్థంతో అదే నీలం తెప్పించి, దాంతో పోల్చి, "గ్రాముకి ఇన్ని మిల్లీగ్రాముల గాలిక్ ఆమ్లానికి సమానం" అని రాస్తారు. గాలిక్ ఆమ్లం అంటే పరాయిదేం కాదు, మన కరక్కాయలో ఉండేదే.

ఆ సీసా మీద పేరు చూశాను. ఫోలిన్-సియొకాల్టూ రియేజెంట్. రెండు ఇంటిపేర్లు. సరే, ఎవరీ ఇద్దరూ?

ఆటో ఫోలిన్ స్వీడన్‌లో 1867లో పుట్టాడు. పదిహేనేళ్ళ వయసులో అమెరికా వచ్చేశాడు. ఇక్కడొక మాట, ఫోలిన్ వేరు, ఫోలిక్ ఆసిడ్ వేరు. నేను కూడా మొదట ఆయన పేరు మీదే ఫోలిక్ ఆసిడ్ వచ్చిందనుకున్నా. కాదు. ఫోలిక్ అన్నది ఆకు అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చింది, 1941లో టెక్సస్ శాస్త్రవేత్తలు పాలకూరలోంచి దాన్ని తీసి ఆ పేరు పెట్టారు. ఈ రెండు పేర్లూ మళ్ళీ ఒక మనిషి దగ్గర కలుస్తాయి, కాసేపట్లో చెప్తాను.

ఫోలిన్ పట్టుకున్న సమస్య ఆకులది కాదు, ఆస్పత్రిది. రోగి మూత్రంలో, రక్తంలో ఏది ఎంతుందో కొలవాలి. అప్పట్లో అలా కొలవాలంటే కావలసిన పదార్థాన్ని విడదీసి, స్ఫటికాలుగా చేసి, ఎండబెట్టి తూకం వేయాలి. రోజులు పడుతుంది, సరుకు చాలా కావాలి. ఫోలిన్ 1904లో ఒక దారి చూపించాడు. తూకం ఎందుకు, రంగు తెప్పించి ఆ రంగుని కొలుద్దాం అన్నాడు. దానికి ఆయన వాడింది డ్యుబాస్క్ కలరీమీటర్ అనే ఫ్రెంచి పరికరం.

ఈ పరికరం నాకు భలే నచ్చింది. రెండు గాజు కప్పులు. ఒకదాంట్లో మనకి లెక్క తెలిసిన రంగు నీళ్ళు, రెండోదాంట్లో తెలియనివి. కింద నుంచి వెలుతురు, పైన ఒకే కంటి గొట్టం. అందులోంచి చూస్తే ఒక గుండ్రం, సగం ఈ కప్పు రంగు, సగం ఆ కప్పు రంగు. స్క్రూ తిప్పుతూ కప్పులో లోతు పెంచుతూ తగ్గిస్తూ ఉంటే, ఒకచోట రెండు సగాలూ ఒకటైపోతాయి. మధ్యలో గీత మాయమవుతుంది. అప్పుడు స్కేల్ మీద లోతు చదువుకోవడమే. కరెంటు లేదు, డిజిటల్ డిస్‌ప్లే లేదు, మనిషి కన్నే సెన్సర్.

ఫోలిన్ 1907లో హార్వర్డ్ మెడికల్ స్కూల్‌కి వచ్చాడు. అక్కడ 1912లో ఆయనా, విల్లీ డెనిస్ అనే రసాయన శాస్త్రవేత్తా కలిసి టంగ్‌స్టన్-మాలిబ్డినం ద్రావణాన్ని తయారుచేశారు. విల్లీ అంటే మగపేరు అనుకునేరు, ఆవిడ పేరు విల్లీ గ్లోవర్ డెనిస్. మూడేళ్ళ తర్వాత, 1915లో, మూత్రంలో ఫినాల్స్ కొలిచే పద్ధతి కూడా వాళ్ళిద్దరే రాశారు. ఈ రోజు సీసా మీద ఆవిడ పేరు లేదు.

ఎందుకంటే ఆ ద్రావణంలో ఒక ఇబ్బంది ఉండేది. కొన్నిసార్లు తెల్లటి మడ్డి కట్టేది. నీలాన్ని చదవాల్సిన చోట మడ్డి ఉంటే లెక్క ఎలా వస్తుంది? రొమేనియా నుంచి వచ్చిన సియొకాల్టూ, ఫోలిన్ కలిసి లిథియం సల్ఫేట్ కలిపి ఆ మడ్డి కట్టకుండా చేశారు. ఆ పేపర్ 1927లో వచ్చింది. మా చెల్లి చేతిలో ఉన్న సీసా అదే, దాదాపు వందేళ్ళ రెసిపీ.

ఇప్పుడు ఆ పేపర్ టైటిల్ వినండి. అందులో ఆకుల మాట లేదు, మందు చెట్ల మాట లేదు. ప్రొటీన్లలో టైరోసిన్, ట్రిప్టోఫాన్ ఎంతున్నాయో కొలవడం గురించిన పేపర్ అది. ప్రొటీన్లు! ఫినాల్స్ కొలవడానికి మనం వాడే నీలం ప్రొటీన్‌ని కూడా పట్టుకుంటుంది. 1951లో ఆలివర్ లౌరీ బృందం ఇదే రియేజెంట్‌కి రాగి జోడించి ప్రొటీన్ కొలిచే పద్ధతి రాసింది. సైన్స్ చరిత్రలో మిగతా పేపర్లలో అత్యధికసార్లు పేర్కొనబడిన పేపర్ అదే, మూడు లక్షలు దాటింది. అంటే ఒక ల్యాబ్‌లో ఈ నీలం చూసి "ప్రొటీన్ ఇంత" అని రాస్తున్నారు, పక్క ల్యాబ్‌లో అదే నీలం చూసి "ఫినాల్స్ ఇంత" అని రాస్తున్నారు. లెక్చరర్ గారి మూడో ప్రశ్న నాకు అప్పుడు బుర్రకెక్కింది.

సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఒక్క ముక్కలో చెప్తా. డాష్‌బోర్డ్ మీద "ఎర్రర్స్ 4,000" అని కనిపిస్తోంది. ఏ ఎర్రర్? ఏ సర్వీస్ నుంచి? లాగ్ తెరవకుండా దాన్ని పట్టుకుని మీటింగ్‌లో మాట్లాడితే మేనేజర్ ఏమంటాడు? నా వీడియోలో నేను చేసింది అదే.

ఇప్పుడు భీమవరం వద్దాం. యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు మీరు వినే ఉంటారు. 1895లో భీమవరంలో పుట్టారు. మద్రాసులో వైద్యం చదివి, అక్కడే ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పారు. 1923 అక్టోబర్‌లో బోస్టన్‌లో దిగారు. హార్వర్డ్‌లో ట్రాపికల్ మెడిసిన్ డిప్లొమా చదువుతూ, రాత్రుళ్ళు ఆస్పత్రిలో రోగుల మలమూత్రాల పళ్ళేలు కడిగే పని చేశారు. ఆ తర్వాత బయోకెమిస్ట్రీ విభాగంలో సైరస్ ఫిస్క్ దగ్గర చేరారు. ఆ విభాగం అధిపతి ఎవరనుకున్నారు? ఆటో ఫోలిన్.

1925లో ఫిస్క్, సుబ్బారావు కలిసి రాసిన పేపర్, ఫాస్ఫరస్‌ని రంగుతో కొలిచే పద్ధతి. ఇందులో కూడా రంగు నీలమే, కారణం కూడా మాలిబ్డినమే. ఫాస్ఫేట్ ఉన్న ద్రావణంలో ఆమ్లం, మాలిబ్డేట్ కలిపి, ఎలక్ట్రాన్లు ఇచ్చే ఒక రసాయనం వేస్తే నీలం వస్తుంది. ఫోలిన్ నీలంతో పోలిస్తే ఆట తిరగబడింది చూడండి. ఫోలిన్ పద్ధతిలో ఎలక్ట్రాన్లు ఇచ్చేవాణ్ణి కొలుస్తాం. ఇక్కడ ఇచ్చేవాణ్ణి మనమే వేస్తాం, మాలిబ్డినంతో జట్టు కట్టిన ఫాస్ఫేట్‌ని కొలుస్తాం. బయోకెమిస్ట్రీ చదివిన ప్రతివాళ్ళకీ "ఫిస్క్-సుబ్బారో మెథడ్" అని ప్రాక్టికల్ రికార్డులో రాసిన గుర్తు ఉంటుంది. ఆ సుబ్బారో మన సుబ్బారావు గారే అని చాలామందికి ఎవరూ చెప్పి ఉండరు.

ఈ కథలో నన్ను కట్టిపడేసింది ఆ తర్వాత జరిగింది. పద్ధతి తయారయ్యింది, కండరాల సారంలో ఫాస్ఫేట్ కొలుస్తున్నారు. నీలం రావలసిన టైముకి పూర్తిగా రావడం లేదు. మెల్లగా, ఆగి ఆగి, ముదురుతోంది. మామూలు ఫాస్ఫేట్ ద్రావణంలో అలా జరగదు. నాలాంటివాడైతే ఏం చేస్తాడు? "ఇంకో పది నిమిషాలు ఆగి రీడింగ్ తీసుకుందాం" అంటాడు. వాళ్ళు అలా అనలేదు. నీలం ఆలస్యమవుతోందంటే అందులో ఏదో ఫాస్ఫేట్‌ని పట్టుకుని ఉండి, ఆమ్లంలో కొంచెం కొంచెంగా వదులుతోంది అని దాని వెంట పడ్డారు. దొరికింది ఫాస్ఫోక్రియాటిన్. కండరం ఒక్కసారిగా బలం తీయాల్సి వచ్చినప్పుడు వాడుకునే నిల్వ. ఆ సంగతి బయటికొచ్చింది 1927లో, ఫోలిన్-సియొకాల్టూ పేపర్ వచ్చిన సంవత్సరమే, ఆ విభాగం నుంచే. రెండేళ్ళ తర్వాత ఏటీపీ. ఇప్పుడు టెన్త్ క్లాసు పిల్లలు కూడా రాసే ఏటీపీ.

(ఫోలిక్ ఆసిడ్ సంగతి చెప్తానన్నాను కదా. సుబ్బారావు గారు 1940లో హార్వర్డ్ వదిలి లెడర్లీ కంపెనీకి వెళ్ళారు. ఫోలిక్ ఆసిడ్‌ని కృత్రిమంగా తయారుచేసి 1945లో ప్రకటించింది ఆయన నడిపించిన బృందమే. ఫోలిన్ దగ్గర మొదలై ఫోలిక్ దగ్గరికి. మూడేళ్ళకే, 1948లో పోయారు.)

మళ్ళీ ఆకుకి వద్దాం. ఈ ఆస్పత్రి నీలం మొక్కలకి ఎప్పుడు అంటుకుంది? ఫోలిన్-డెనిస్ ద్రావణాన్ని మొక్కల టానిన్ల కోసం చాలా ఏళ్ళు వాడారు గానీ, ఈ రోజు అందరూ వాడే రూపం ఇచ్చింది వైన్ వాళ్ళు. కాలిఫోర్నియాలో సింగిల్టన్, రోసీ అనే ఇద్దరు 1965లో వైన్‌లో ఫినాల్స్ కొలవడానికి ఫోలిన్-సియొకాల్టూనే మేలని తేల్చి, ఎంత కలపాలి, ఎంతసేపు ఆగాలి, గాలిక్ ఆమ్లంతో ఎలా పోల్చాలి అన్నీ ఖాయం చేశారు. వైన్‌లో ఫినాల్స్ దండిగా ఉంటాయి, ప్రొటీన్ చాలా తక్కువ. అక్కడ ఆ నీలాన్ని ఫినాల్ ఖాతాలో వేయడం సబబే. చక్కెరలు, సల్ఫైటు లాంటివి ఎంత అడ్డం వస్తాయో కూడా వాళ్ళు పట్టించుకున్నారు.

ఆ రెసిపీని మునగాకు మీదికి తెస్తే? మునగాకు ద్రాక్షరసం కాదు. ప్రొటీన్ ఉందని పొగిడే ఆకు, విటమిన్ సి ఉందని పొగిడే ఆకు. విటమిన్ సి ఎలక్ట్రాన్లు ఇవ్వడంలో అందరికంటే ముందుంటుంది, కార్బొనేట్ పోయకముందే నీలం మొదలుపెట్టగలదు. అంటే ఆకుకి ఏ గొప్పలున్నాయని చెప్తామో, అవే వచ్చి ఫినాల్ లెక్కలో దూరతాయి.

పైగా దేంట్లో నానబెట్టామన్నది కూడా ఉంది. మిథనాల్ ఎక్కువగా ఉంటే ప్రొటీన్ పెద్దగా కరగదు, ఉత్త నీళ్ళలో అయితే కొంత దిగుతుంది. మా చెల్లి రెండు రకాలుగానూ చేసింది, రెండు అంకెలు వచ్చాయి. ఆకు ఒకటే, చెట్టు ఒకటే, కోసిన రోజు ఒకటే. "ఏది రాయాలి అన్నయ్యా రికార్డులో?" అని నన్నడుగుతోంది. నన్ను!

విటమిన్ సి మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. "కమలాపండు కంటే మునగాకులో ఏడు రెట్లు విటమిన్ సి" అని మీరు ఎక్కడో చదివే ఉంటారు. నా ప్యాకెట్ మీద కూడా ఉంది. ఈ ఏడు రెట్లు ఎక్కణ్ణించి వచ్చిందో తెలుసా? తార్నాక నుంచి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళ పుస్తకం ఉంది, గోపాలన్, రామశాస్త్రి, బాలసుబ్రమణియన్ కూర్చింది, 1971 నాటిది. మన దేశపు తిండి పదార్థాల పట్టిక. అందులో 100 గ్రాముల తాజా మునగాకుకి విటమిన్ సి 220 మిల్లీగ్రాములు, కమలాపండుకి 30. భాగించండి, ఏడు చిల్లర. 1999లో సెనెగల్‌లో లొవెల్ ఫుగ్లీ అనే ఆయన మునగ మీద "ద మిరకిల్ ట్రీ" అనే పుస్తకం తెచ్చాక, ఈ పోలికలు పోస్టర్లెక్కి ప్రపంచమంతా తిరిగాయి. మన ఊళ్ళో అచ్చయిన అంకె ఆఫ్రికా చుట్టి, ఆర్గానిక్ షాపుల మీదుగా మళ్ళీ మన వంటింటికొచ్చింది.

పట్టికలో తప్పు లేదు. అది తాజా ఆకు లెక్క. ప్యాకెట్‌లో ఉన్నది ఎండబెట్టిన పొడి. అవే పోలికలతో పాటు తిరిగిన పట్టికలో పొడికి కూడా ఒక గడి ఉంది, 100 గ్రాములకి 17.3 మిల్లీగ్రాములు. 220 ఎక్కడ, 17.3 ఎక్కడ! తాజా ఆకులో మూడొంతులు నీళ్ళే, కాబట్టి వంద గ్రాముల పొడి కావాలంటే దాదాపు నాలుగు వందల గ్రాముల ఆకు కావాలి. ఏమీ పోకపోతే పొడిలో 800 పైన ఉండాలి. అంటే దాదాపు అంతా ఎండలోనే, గాలిలోనే పోయిందన్నమాట. ఆ లెక్కన పొడి కమలాపండు కంటే కూడా తక్కువే. ఇంకా ఒకటి, అమెరికా వ్యవసాయ శాఖ పట్టికలో తాజా మునగాకుకే 51.7 అని ఉంది. నేల, రకం, ఆకు వయసు, కోసి ఎంతసేపైంది, ఎలా కొలిచారు, ఇన్ని ఉంటాయి వెనకాల. మునగచెట్టు ఎక్కించడం అంటారే మనవాళ్ళు, మనుషుల్నే కాదు, మునగాకునే మునగచెట్టు ఎక్కించేశారు.

దీనివల్ల మునగాకు మంచిది కాదని నేనేం అనట్లేదు, ప్లీజ్, అలా కట్ చేసి పెట్టకండి. పొడిలో నీళ్ళు పోయినందుకు ప్రొటీన్, కాల్షియం లాంటివి గ్రాముకి ఎక్కువే ఉంటాయి. నేనంటున్నది అంకె గురించి.

మరి ఆకులో ఏది ఎంతుందో విడివిడిగా చెప్పే దారి లేదా అంటే, ఉంది. అది పుట్టింది కూడా ఆకుల మీదే. మిఖాయిల్ త్స్వెట్ అనే రష్యన్ వృక్షశాస్త్రవేత్త 1903లో వార్సాలో చూపించాడు. గాజు గొట్టంలో సుద్ద పొడి లాంటిది కూరి, పైనుంచి ఆకు సారం పోస్తే, పచ్చ ఒకచోట, పసుపు ఒకచోట, పట్టీలు పట్టీలుగా విడిపోయాయి. 1906లో దానికి క్రొమటోగ్రఫీ అని పేరు పెట్టాడు. పెద్దవాళ్ళు నమ్మలేదు. ఆయన 1919లో పోయాడు, ఆ పద్ధతికి జనం మళ్ళీ మళ్ళింది 1931 తర్వాత. ఇప్పుడు ల్యాబుల్లో ఉండే హెచ్‌పీఎల్‌సీ ఆ గొట్టానికి మనవడు. దాంట్లో పెడితే మునగాకులో క్వెర్సెటిన్ జాతివి ఎంత, కెంఫెరాల్ జాతివి ఎంత, క్లోరోజెనిక్ ఆమ్లం ఎంత అని పేరు పేరునా చెప్తుంది. కానీ మెషీన్ ఖరీదు, ప్రతి పదార్థానికీ శుద్ధమైన నమూనా కొనాలి. మా చెల్లి కాలేజీలో ఒక్కటుంది, రిపేర్‌లో ఉంది. నీలం సీసా మాత్రం ఎప్పుడూ ఉంటుంది. అందుకే నీలమే బతికింది.

ఇంకో దేశంలో ఇలాంటి అంకె ఏమైందో కూడా చెప్పి ముగిస్తా. అమెరికా వ్యవసాయ శాఖ ఓరాక్ అని యాంటీ ఆక్సిడెంట్ బలం పట్టిక ఒకటి ఆన్‌లైన్‌లో పెట్టింది. అది కూడా గాజు గొట్టం లెక్కే. కంపెనీలు ఆ అంకెలు తీసుకుని డబ్బాల మీద వేసుకోవడం మొదలుపెట్టాయి. 2012లో ఆ శాఖే పట్టికని తీసేసింది. ఈ అంకెలకీ, మనిషి ఒంట్లో జరిగేదానికీ సంబంధం చూపించలేమనీ, కంపెనీలు వీటిని దుర్వినియోగం చేస్తున్నాయనీ చెప్పి మరీ తీసేసింది. కొలిచినవాళ్ళే వెనక్కి తీసుకోవడం, అది నాకు పెద్ద విషయంగా అనిపించింది. నా వీడియో నేను తీసేయలేదు, ఎందుకంటే తప్పు కనబడాలి కదా. దాని పైన సవరణ పిన్ చేశాను.

మా చెల్లి చివరికి ఏం చేసిందంటే, విటమిన్ సి కోసం వేరే రంగు పద్ధతిలో విడిగా కొలిచి ఆ వాటాని నీలంలోంచి తీసేసింది. ఒక్క అంకె రాయాల్సిన చోట మూడు కాలమ్‌లు రాసింది, నీళ్ళ సారం, మిథనాల్ సారం, విటమిన్ సి తీసేశాక మిగిలింది. గైడ్ సార్ "ఇన్నెందుకమ్మా, ఒకటి రాయి" అన్నారట. ఇది రాయలేదు. వైవా వచ్చే నెల.

ఇంట్లో ఆ రెట్టింపు అంకె ప్యాకెట్ ఇంకా సగం ఉంది. "అయితే దీన్నేం చేయమంటావురా?" అని అమ్మ అడిగింది. నేను ఆలోచించే లోపే కారప్పొడిలో కలిపేసింది. బాగానే ఉంది. పెరట్లో చెట్టుంది కాబట్టి ఆదివారం మునగాకు పప్పు.

సరే అండి. ఫిస్క్-సుబ్బారో పద్ధతి మీరు కాలేజీలో చేసి ఉంటే, ఆ రోజు మీకు నీలం సరిగ్గా వచ్చిందో లేదో నాకు రాయండి. ఉంటాను.